ఇనుప రేణువు, చక్కెర పూత, జీవకణం

ఈ పాఠంలో తెలుసుకునే విషయాలు:
- ఆస్పత్రిలో ఎక్కించే ఐరన్ మందులో ఏముంటుంది?
- దానికి పూత ఎందుకు వేస్తారు?
- రక్తంలోకి వెళ్ళాక మన కణాలు దానిని ఏం చేస్తాయి?
- అయస్కాంత గుణం ఉన్న రేణువులు వైద్యానికి ఎలా ఉపయోగపడుతున్నాయి?
- ఐరన్ ఎక్కించుకునే ముందు, తరువాత ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

డయాలసిస్ చేయించుకుంటున్నవారికి, రక్తహీనత ఎక్కువగా ఉన్న గర్భిణులకు ముదురు గోధుమ రంగు మందును సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించడం మీలో చాలామంది చూసే ఉంటారు. దీనినే వాడుకలో 'ఐరన్ బాటిల్' అంటాం. "మాత్రలు వేసుకుంటే సరిపోదా? ఇంత నెమ్మదిగా ఎందుకు ఎక్కించాలి? ఊళ్ళోనే ఎవరిచేతైనా వేయించుకుంటే ఏం?" అని రోగులూ వారి బంధువులూ తరచుగా అడుగుతుంటారు.

ఇవి అడగవలసిన ప్రశ్నలే. ఉద్దానం ప్రాంతంలో ఈ మందుతో పని పడని ఊరు అరుదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కుటుంబాలను కిడ్నీ వ్యాధి 1990ల నుంచి పీడిస్తోంది. కిడ్నీ జబ్బు వెనకాలే రక్తహీనత వస్తుంది. అందువల్ల ఐరన్ మందు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మనకు ఎంతో అవసరం.

1. ఇనుము మనకు ఎందుకు కావాలి?

పెద్దవారి శరీరంలో మొత్తం 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. అంటే ఒక చిన్న మేకు బరువు. ఇందులో ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయేది ఈ హిమోగ్లోబిన్.

హిమోగ్లోబిన్ మగవారిలో 13 గ్రాములు, ఆడవారిలో 12 గ్రాములు, గర్భిణుల్లో 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీరసం, ఆయాసం, గుండె దడ, కళ్ళు తిరగడం, కనురెప్పల లోపల పాలిపోవడం దీని లక్షణాలు.

మన శరీరం ఇనుము విషయంలో చాలా పొదుపరి. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాలం తీరిన కణాలను ప్లీహం, కాలేయాల్లోని ప్రత్యేక కణాలు మింగి, వాటిలోని ఇనుమును తిరిగి వాడకానికి పంపుతాయి. ఇలా రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము తిరుగుతుంటుంది. బయట నుంచి మనకు కావలసింది రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు మాత్రమే. పాత కణాలను మింగే ఈ కణాల పేరు 'మాక్రోఫేజ్‌లు'. ఈ పాఠంలో ముఖ్య పాత్ర వీటిదే కనుక ఈ పేరు గుర్తుంచుకోండి.

2. ఉత్త ఇనుమును రక్తంలోకి ఎందుకు పంపకూడదు?

అవసరం ఉంది కదా అని ఇనుప లవణాన్ని నీళ్ళలో కరిగించి నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే ప్రాణాపాయం. విడిగా తిరిగే ఇనుము శరీరంలోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి, చాలా ఘాటైన 'ఫ్రీ రాడికల్స్' అనే పదార్థాలను పుట్టిస్తుంది. ఇనుముతో జరిగే ఈ చర్యను ఫెంటన్ అనే ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త 1894లోనే వివరించాడు. ఫ్రీ రాడికల్స్ కణపు పొరను, ప్రొటీన్లను, డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. పైగా రోగక్రిములు పెరగడానికి కూడా ఇనుము కావాలి. విడి ఇనుము వాటికి మంచి మేత.

అందుకే మన శరీరం ఇనుమును ఎప్పుడూ విడిగా ఉంచదు. రక్తంలో మోసుకుపోయేటప్పుడు 'ట్రాన్స్‌ఫెరిన్' అనే ప్రొటీన్‌లో బిగించి పంపుతుంది. నిల్వ చేసేటప్పుడు 'ఫెరిటిన్' అనే బోలు గోళంలో దాచిపెడుతుంది. ఈ గోళం అడ్డుకొలత సుమారు 12 నానోమీటర్లు. లోపల 4,500 వరకు ఇనుప పరమాణువులు పడతాయి. అంటే పూత వేసిన ఇనుప నానో రేణువును మనిషి ప్రయోగశాలలో తయారు చేయడానికి చాలా ముందే, అలాంటిది మన కాలేయంలో ఉంది.

నానోమీటరు అంటే ఎంత? ఒక మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. మన ఎర్ర రక్తకణం అడ్డుకొలత 7 నుంచి 8 వేల నానోమీటర్లు. ఐరన్ మందులోని రేణువులు కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల వరకు ఉంటాయి. ఎర్ర రక్తకణం ఒక పెద్ద చెరువైతే, ఈ రేణువు అందులో పడవంత కూడా ఉండదు.

3. పూత చేసే పని ఏమిటి?

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామానుకు పేరు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాయాలంటే లోపల కళాయి పూయించాలని మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కి, తిన్నవారికి వాంతులవుతాయి. కళాయి ఉన్నంతసేపు గిన్నె మంచిదే.

ఐరన్ మందులోనూ ఇదే సూత్రం. రేణువు నడుమ తుప్పు వంటి ఇనుప పదార్థం ఉంటుంది. దాని చుట్టూ చక్కెర జాతి పదార్థంతో పూత ఉంటుంది. ఆ పూతను బట్టే మందుకు పేరు వచ్చింది.

- ఐరన్ సుక్రోజ్: సుక్రోజ్ అంటే మనం వాడే చక్కెరే. డయాలసిస్ కేంద్రాల్లో ఎక్కువగా వాడేది ఇది. 5 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 100 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది.
- ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్: గట్టి పిండిపదార్థపు పూత. ఇనుము నెమ్మదిగా విడుదలవుతుంది కనుక ఒకేసారి ఎక్కువ మోతాదు ఇవ్వవచ్చు. కొందరిలో రక్తంలోని ఫాస్ఫేటు తగ్గవచ్చు.
- ఐరన్ డెక్స్‌ట్రాన్: 1950ల నుంచి ఉన్న పాత మందు. వీటిలో పెద్ద అణువులున్న డెక్స్‌ట్రాన్ రకాలతో తీవ్రమైన ఎలర్జీలు ఎక్కువగా వచ్చాయి.
- ఫెరుమాక్సిటాల్: ఇది అయస్కాంత గుణం గల రేణువు. కిడ్నీ రోగుల రక్తహీనతకు అమెరికాలో 2009లో అనుమతి పొందింది.

నాలుగింటిలోనూ నడుమ ఉన్నది ఇనుమే. అయినా ఎంత మోతాదు ఇవ్వవచ్చు, ఎంత నెమ్మదిగా ఇవ్వాలి, ఎలర్జీ ఎంతమందికి వస్తుంది అనేవి మందు మందుకూ మారుతాయి. పూత మారితే ఒకే ఇనుము వేరే మందు అవుతుంది. అందుకే "పోయినసారి ఐరన్ వేయించుకున్నాను" అని మాత్రమే చెబితే చాలదు. ఏ ఐరన్ అన్నది డాక్టరుకు తెలియాలి. పాత చీటీ తప్పక తీసుకెళ్ళండి.

4. అయస్కాంత గుణం సంగతి

బారువ, కళింగపట్నం తీరాల్లో పిల్లలు ఇసుకలో అయస్కాంతం తిప్పి ఆడుకుంటారు. నల్లటి రవ్వలు మీసాల్లా దానికి అంటుకుంటాయి. అలా అంటుకునే నల్ల ఖనిజాల్లో మాగ్నెటైట్ ఒకటి. ఇది ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ఫెరుమాక్సిటాల్ వంటి రేణువుల నడుమ ఉండేది ఈ జాతి పదార్థమే.

ఇసుక రవ్వకూ మందు రేణువుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. రేణువు కొన్ని పదుల నానోమీటర్ల కంటే చిన్నదైతే, పక్కన అయస్కాంతం ఉన్నంతసేపే అది అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. తీసివేయగానే ఆ గుణం పోతుంది. అందువల్ల రేణువులు ఒకదానినొకటి పట్టుకుని ఉండలు కట్టవు. ఉండలు కడితే సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి కనుక ఇది చాలా ముఖ్యం. ఉండకట్టకుండా ఆపడంలో పూతకూ పెద్ద పాత్ర ఉంది. పూత రేణువులను ఎడంగా ఉంచుతుంది.

ఇంకో మాట. ఐరన్ సుక్రోజ్ అయస్కాంతానికి అంటుకునే మందు కాదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ కూడా మామూలు అయస్కాంతానికి అంటుకోదు. అయస్కాంతపు కడియాలు, పట్టీలు వేసుకుంటే రక్తం పెరుగుతుందని చెప్పి అమ్మేవారి మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

5. రక్తంలోకి వెళ్ళాక కణం ఏం చేస్తుంది?

సూది ద్వారా రక్తంలో చేరిన రేణువు ప్రయాణాన్ని ఐదు మెట్లుగా చెప్పుకోవచ్చు.

మొదటి మెట్టు, గుర్తింపు: రేణువు రక్తంలో చేరిన కొద్దిసేపట్లోనే రక్తంలోని ప్రొటీన్లు దాని మీద అంటుకుంటాయి. మనం వేసిన పూత మీద శరీరం మరో పూత వేస్తుందన్నమాట. కణం ముందుగా తడిమి చూసేది ఈ పై పొరనే. కణపు పొరపై ఋణావేశం ఉంటుంది. అందువల్ల ధనావేశం ఉన్న పూత వేస్తే రేణువు కనబడిన ప్రతి కణానికీ గట్టిగా అతుక్కుని, కణపు పొరకు హాని చేయవచ్చు. చక్కెర జాతి పూతలు అలా అతుక్కోవు కనుక రేణువులు కొంతకాలం రక్తంలో నిదానంగా తిరుగుతాయి.

రెండో మెట్టు, మింగడం: కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలలోని మాక్రోఫేజ్‌లు ఈ రేణువులను పట్టుకుంటాయి. కణపు పొర లోపలికి సొట్టపడి, రేణువును చుట్టుకుని, చిన్న సంచిలా విడివడి కణంలోకి వెళుతుంది. పాత ఎర్ర కణాలను మింగడం వీటికి రోజూ ఉన్న పనే. కనుక ఇనుప రేణువును అరిగించడం వీటికి కొత్త కాదు.

మూడో మెట్టు, అరగడం: ఆ సంచి కణంలోని 'లైసోజోమ్' అనే మరో సంచితో కలుస్తుంది. ఇది కణానికి పొట్ట వంటిది. ఇందులో ఆమ్లమూ, ఎంజైములూ ఉంటాయి. పూత ఊడి, నడుమ ఉన్న ఇనుము నెమ్మదిగా కరుగుతుంది. కరగడం రక్తంలో కాకుండా కణం లోపల, మూత వేసిన సంచిలో జరుగుతుంది. పూత వేయడంలోని అసలు ఉద్దేశం ఇదే.

నాలుగో మెట్టు, నిల్వ: కరిగిన ఇనుమును కణం ఫెరిటిన్ గోళాల్లో దాస్తుంది. రక్తపరీక్షలో 'ఫెరిటిన్ ఎంత' అని చూసేది ఈ నిల్వను అంచనా కట్టడానికే.

ఐదో మెట్టు, బట్వాడా: మజ్జకు ఇనుము కావలసినప్పుడు కణపు పొరలోని 'ఫెర్రోపోర్టిన్' అనే తలుపు గుండా ఇనుము బయటకు వస్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ దానిని ఎత్తుకుని ఎముక మజ్జకు చేరుస్తుంది. అక్కడ కొత్త ఎర్ర రక్తకణాలు తయారవుతాయి. ఇదంతా జరగడానికి వారాలు పడుతుంది. కనుక ఐరన్ ఎక్కించిన మర్నాడే హిమోగ్లోబిన్ పెరగలేదని కంగారు పడవద్దు.

ఎక్కువ వేగంగా ఎక్కిస్తే ఏమవుతుంది? కొన్ని రేణువుల నుంచి ఇనుము మాక్రోఫేజ్‌లకు చేరకముందే రక్తంలోనే విడిపోతుంది. ట్రాన్స్‌ఫెరిన్ మోయగలిగిన దానికంటే అది ఎక్కువైతే బి.పి. పడిపోవడం, వాంతులు, కడుపునొప్పి రావచ్చు. ఐరన్ సుక్రోజ్‌ను 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి ఇచ్చేటప్పుడు కనీసం 15 నిమిషాలు పట్టేలా ఎక్కించేది ఇందుకే. "సిస్టరమ్మా, కాస్త తొందరగా ఎక్కించు, బస్సుకు టైమవుతోంది" అని తొందర పెట్టకండి.

6. కిడ్నీ రోగులకు మాత్రలు ఎందుకు చాలవు?

ఎముక మజ్జకు "ఎర్ర కణాలు తయారుచెయ్యి" అని చెప్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను కిడ్నీల్లో పుడుతుంది. కిడ్నీ చెడితే ఆ హార్మోను తగ్గుతుంది. డయాలసిస్ చేసే ప్రతిసారీ గొట్టాల్లో కొంత రక్తం మిగిలిపోతుంది. పరీక్షలకు కొంత రక్తం తీస్తారు. ఇలా ఏడాదికి 1 నుంచి 2 గ్రాముల ఇనుము, కొందరిలో ఇంకా ఎక్కువ, పోతుంది. మొత్తం ఒంట్లో ఉన్నదే 3 నుంచి 4 గ్రాములని పైన చెప్పుకున్నాం.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. కాలేయంలో తయారయ్యే 'హెప్సిడిన్' అనే హార్మోను, ఫెర్రోపోర్టిన్ తలుపుకు తాళం వేస్తుంది. కిడ్నీ జబ్బులోనూ, ఒంట్లో వాపు, చీము, జ్వరం ఉన్నప్పుడూ హెప్సిడిన్ పెరుగుతుంది. అప్పుడు పేగు గోడలోని తలుపు కూడా మూసుకుపోతుంది. కనుక మాత్రలు వేసుకున్నా ఇనుము సరిగా వంటబట్టదు. సూది ద్వారా ఇచ్చే ఇనుము ఈ పేగు అడ్డంకిని దాటిపోతుంది.

ఇది నిజంగా మేలు చేస్తుందా? బ్రిటన్‌లో 2,141 మంది డయాలసిస్ రోగులపై చేసిన పెద్ద అధ్యయనం 2019లో ప్రచురితమైంది. అందులో ఒక వర్గానికి నెలకు 400 మిల్లీగ్రాముల ఐరన్ సుక్రోజ్ ముందుగానే ఇచ్చారు. ఫెరిటిన్ 700 దాటినా, ట్రాన్స్‌ఫెరిన్ నిండుదల 40 శాతానికి చేరినా ఆపారు. రెండో వర్గానికి ఇనుము బాగా తగ్గినప్పుడు మాత్రమే ఇచ్చారు. ముందుగా ఇచ్చినవారిలో మరణాలు, గుండె జబ్బులు కలిపి చూస్తే తక్కువగా ఉన్నాయి. ఎరిత్రోపోయిటిన్ సూదులు, రక్తం ఎక్కించడం కూడా తగ్గాయి. ఇన్ఫెక్షన్లు పెరగలేదు.

రక్తం ఎక్కించడం తగ్గితే ఇంకో లాభం ఉంది. ఇతరుల రక్తం పదేపదే ఎక్కిస్తే శరీరంలో యాంటీబాడీలు తయారై, రేపు కిడ్నీ మార్పిడికి సరిపోయే దాత దొరకడం కష్టమవుతుంది. వేళకు ఇనుము తీసుకుంటున్న రోగి తన మార్పిడి అవకాశాన్ని కాపాడుకుంటున్నట్టే.

ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీరు, ఎండలో పని, నొప్పి మాత్రలు, పురుగుమందులు, వంశపారంపర్యం వంటి అనేక అంశాలపై పరిశోధన జరిగింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. కారణం తేలేవరకు ఆగకుండా, రక్తహీనతకు మాత్రం ఇప్పుడే వైద్యం చేయించుకోవచ్చు.

7. అయస్కాంత రేణువుల ఇతర ఉపయోగాలు

స్కానింగ్‌లో: ఎం.ఆర్.ఐ. స్కాన్‌లో ఇనుప రేణువులు ఉన్నచోటు నల్లగా కనబడుతుంది. డెక్స్‌ట్రాన్ పూత ఉన్న రేణువులను 1996 నుంచి కొంతకాలం అమెరికాలో కాలేయపు స్కాన్‌కు వాడారు. కాలేయంలోని ఆరోగ్యకరమైన భాగంలో మాక్రోఫేజ్‌లు ఉంటాయి. అవి రేణువులను మింగి నల్లబడతాయి. చాలా గడ్డల్లో ఈ కణాలు ఉండవు కనుక గడ్డ తెల్లగా మిగిలిపోతుంది. కణం తినేదీ తిననిదీ చూసి డాక్టరు జబ్బు చోటు కనిపెడతారన్నమాట.

కిడ్నీ పూర్తిగా చెడినవారికి ఎం.ఆర్.ఐ.లో వాడే కొన్ని గాడోలినియం మందుల వల్ల చర్మం బిగుసుకుపోయే తీవ్రమైన జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. అందువల్ల కొన్ని దేశాల్లో కిడ్నీ రోగుల రక్తనాళాల స్కాన్‌కు ఫెరుమాక్సిటాల్‌ను డాక్టర్లు వాడి చూశారు. ఈ రేణువు కిడ్నీ జల్లెడ గుండా పోయేంత చిన్నది కాదు. దానిని అరిగించేది మాక్రోఫేజ్‌లే కనుక కిడ్నీ మీద భారం పడదు.

లాబొరేటరీలో: ఒక ప్రత్యేక కణాన్నే పట్టుకునే యాంటీబాడీని పూతగా వేస్తే, రక్తంలోని కోట్ల కణాల మధ్య ఆ కణాలకే రేణువులు అంటుకుంటాయి. తరువాత అయస్కాంతం పెట్టి వాటిని వేరు చేస్తారు. ఎముక మజ్జ మార్పిడికి మూలకణాలను ఇలా ఏరుతారు. 2020లో కరోనా సమయంలో ముక్కు నుంచి తీసిన నమూనాలోని వైరస్ ఆర్.ఎన్.ఎ.ను వేరుచేయడానికి చాలా లాబుల్లో యంత్రాలు వాడినవి కూడా పూత వేసిన అయస్కాంత పూసలే.

క్యాన్సర్ వైద్యంలో: గడ్డలోకి రేణువులు ఎక్కించి, వేగంగా దిశ మారే అయస్కాంత క్షేత్రంలో ఉంచితే రేణువులు వేడెక్కుతాయి. ఆ వేడికి క్యాన్సర్ కణాలు దెబ్బతింటాయి. మెదడు గడ్డలకు ఇటువంటి పద్ధతి 2010లో యూరప్‌లో అనుమతి పొందింది. ఇది మామూలు వైద్యంలా అన్నిచోట్లా అందుబాటులో ఉన్నది కాదు. ఈ పేరు చెప్పి ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే ముందు క్యాన్సర్ ఆస్పత్రి డాక్టరును సంప్రదించండి.

8. ఎవరికి ఐరన్ ఇవ్వకూడదు?

రక్తం తక్కువగా ఉన్న ప్రతివారికీ ఇనుము తక్కువ అనుకోవడం పొరపాటు.

సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. వీరిలో ఎర్ర కణాలు త్వరగా చితికిపోవడం వల్ల రక్తహీనత వస్తుంది. ఇనుము కొరత వల్ల కాకపోవచ్చు. తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించే కొద్దీ ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. దానిని తీసివేయడానికే వారికి మందులు ఇస్తారు. మాక్రోఫేజ్‌ల నిల్వ గది నిండిపోయాక ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుని వాటిని పాడుచేస్తుంది. శరీరానికి అదనపు ఇనుమును బయటకు పంపే దారి లేదు. అందుకే పరీక్ష ముందు, ఐరన్ తరువాత. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. ఏజెన్సీలోని వారు ఆశా కార్యకర్తను లేదా ఏ.ఎన్.ఎం.ను అడిగి ఈ పరీక్ష చేయించుకోండి.

వీరు కూడా ముందుగా డాక్టరుకు చెప్పాలి:
1. జ్వరం, చీము, డయాలసిస్ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్ ఉన్నవారు.
2. గర్భం మొదటి మూడు నెలల్లో ఉన్నవారు.
3. ఇంతకు ముందు ఐరన్ సూదికి దద్దుర్లు, ఆయాసం వచ్చినవారు.
4. ఉబ్బసం, ఇతర మందుల ఎలర్జీ ఉన్నవారు.

9. ఐరన్ ఎక్కించుకునేటప్పుడు జాగ్రత్తలు

ముందు: హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ నిండుదల పరీక్షలు చేయించుకోవాలి. ఫలితాల కాగితాలు దాచుకోవాలి.

ఎక్కించేటప్పుడు: దురద, ఛాతీ బిగువు, ఆయాసం, కళ్ళు తిరగడం, నడుము నొప్పి అనిపిస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పండి. మందు ఆపితే చాలాసార్లు సర్దుకుంటుంది. తీవ్రమైన ఎలర్జీ అరుదు. కాని వస్తే నిమిషాల్లో వైద్యం అందాలి. ఫెరుమాక్సిటాల్‌ను తొలి రోజుల్లో కొన్ని సెకన్లలోనే ఇచ్చేవారు. ప్రాణాంతకమైన ఎలర్జీలు కనబడటంతో 2015లో అమెరికాలో గట్టి హెచ్చరిక జారీచేసి, కనీసం 15 నిమిషాలు ఎక్కించాలని మార్చారు. ఆక్సిజన్, ఎలర్జీ మందులు, డాక్టరు దగ్గర లేనిచోట ఐరన్ సూది వేయించుకోరాదని చెప్పేది అందుకే. ఐరన్ సుక్రోజ్‌ను కండలోకి ఇవ్వరాదు, నరంలోకే ఇవ్వాలి.

సూది ఉన్నచోట మంట, వాపు కనబడితే ఓర్చుకుని కూర్చోవద్దు. మందు బయటకు కారితే చర్మం మీద గోధుమ రంగు మచ్చ చాలాకాలం ఉండిపోవచ్చు.

తరువాత: కనీసం అరగంట ఆస్పత్రిలోనే ఉండాలి. అయస్కాంత రేణువుల మందు తీసుకున్నవారు తరువాత మూడు నెలల్లో ఎం.ఆర్.ఐ. తీయించుకోవలసి వస్తే ముందే చెప్పాలి. కణాల్లో మిగిలిన రేణువులు స్కాన్ చిత్రాన్ని మార్చివేస్తాయి.

10. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: చక్కెర పూత అంటున్నారు. షుగరు జబ్బు ఉన్నవారు తీసుకోవచ్చా?
జవాబు: తీసుకోవచ్చు. పూతలోని చక్కెర పరిమాణం చాలా తక్కువ. అది షుగరును లెక్కించదగినంత పెంచదు.

ప్రశ్న: ఆకుకూరలు, చోళ్ళ అంబలి తీసుకుంటే ఐరన్ సూది అక్కరలేదు కదా?
జవాబు: కిడ్నీ జబ్బు లేనివారు తోటకూర, మునగాకు, చోళ్ళు తప్పక తినాలి. నిమ్మరసం, ఉసిరి కలిపితే ఇనుము బాగా వంటబడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే వంటబట్టదు. కిడ్నీ చెడినవారి సంగతి వేరు. ఆకుకూరల్లోనూ, కొబ్బరినీళ్ళలోనూ పొటాషియం ఉంటుంది. అది పెరిగితే గుండెకు ప్రమాదం. వారు డాక్టరు చెప్పిన ఆహారమే తీసుకోవాలి.

ప్రశ్న: గర్భిణులందరూ ఐరన్ బాటిల్ ఎక్కించుకోవాలా?
జవాబు: అక్కరలేదు. చాలామందికి మాత్రలు చాలు. నెలలు నిండే సమయంలో రక్తహీనత బయటపడినా, మాత్రలు పడకపోయినా, రక్తం బాగా తగ్గినా సూది ద్వారా ఇస్తారు. 2018లో మొదలైన రక్తహీనత రహిత భారత్ కార్యక్రమంలోనూ ఇదే పద్ధతి ఉంది.

గుర్తుంచుకోండి

- ఇనుము లేకపోతే బతుకు లేదు. విడి ఇనుము విషం. పూత వేసిన ఇనుము మందు.
- కణం ముందు చూసేది పూతనే. పూత మారితే మందు మారినట్టే.
- రేణువును అరిగించి ఇనుమును వాడకానికి ఇచ్చేవి మాక్రోఫేజ్‌లు. వాటి పని అవి చేసుకోవడానికి మందు నెమ్మదిగా ఎక్కాలి.
- పరీక్ష చేయకుండా ఐరన్ వద్దు. అవసరమని తేలాక భయపడి మానవద్దు.
- ఆస్పత్రిలోనే, సదుపాయాలు ఉన్నచోటే వేయించుకోవాలి.

మీకు మీరే పరీక్షించుకోండి

1. విడి ఇనుము కణానికి ఎలా హాని చేస్తుంది?
2. రేణువు పూత ఏ చోట, దేనివల్ల ఊడుతుంది?
3. కిడ్నీ రోగులకు మాత్రల్లోని ఇనుము ఎందుకు వంటబట్టదు?
4. సికిల్ సెల్, తలసేమియా ఉన్నవారికి పరీక్ష లేకుండా ఐరన్ ఎందుకు ఇవ్వకూడదు?

ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగితే, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఐరన్ ఎక్కించుకోవలసిన వారికి ఈ విషయాలు మీరే వివరించండి. చదవడం రానివారికి ఈ పాఠం చదివి వినిపించండి.